‘ఎవరో కట్టినట్టు’ అన్న మాట

మూడు వేళ్లు

సర్కారు దవాఖానాల్లో పళ్ల కుర్చీ పక్కన పనికి చేరబోయే పిల్లలు ఒకరిద్దరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "అక్కా, పని ఎట్లుంటది?" అని అడిగారు. రిజిస్టర్లు ఎట్లా రాయాలో ఆఫీసులో చెబుతారు. పనిముట్లు ఎట్లా ఉడికించాలో శిక్షణలో చెప్పే ఉంటారు. ఆ రెండు చోట్లా చెప్పనిది ఒకటుంది. మనం ఒక మాట అంటాం. అది ఎదుటి మనిషి చెవిలోకి వెళ్లి ఇంకో మాట అవుతుంది. ఆ రెండో మాట లేచి ఊళ్లోకి నడుచుకుంటూ పోతుంది. నా మాట ఒకటి అట్లా పోయింది. అది తిరిగి దవాఖానాకు వచ్చిన రోజు కోసమే ఇదంతా రాస్తున్నాను.

మాది తిరుమలగిరి దగ్గర పల్లె. అమ్మ కూలికి పోయి నన్ను ఇంటర్ దాకా చదివించింది. ఆపైన దంత శుభ్రతలో శిక్షణ పొంది ఉద్యోగంలో చేరాను. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. నల్గొండలో పనిచేసినంత కాలం సాయంత్రం డ్యూటీ దిగగానే అక్కడికే పోయేదాన్ని. మూలన దుమ్ము పట్టిన వైద్య గ్రంథాలను, ఇంగ్లీషువైతే నిఘంటువు పక్కన పెట్టుకుని, పేజీ పేజీ చదివాను. లాలాజలం దగ్గర మొదలుపెట్టి పెద్దపేగు దాకా నేను రాసుకున్న నోట్‌పుస్తకాలు పదకొండు. ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. అయితే ఆ పదకొండు పుస్తకాల గర్వమే నన్ను ఎక్కడికి తీసుకెళ్లిందో కూడా చెబుతాను.

మా వైపు పళ్లను పండ్లు అంటారు. అందుకని రోగులకు నేను ‘పండ్లక్క’ను. "పండ్లక్కా, ఇయ్యాల జామపండ్లు లేవా?" అని బెంచీ మీది ముసలివాళ్లు పరాచికాలాడేవారు. వచ్చేవన్నీ మామూలు రోగాలే. పిప్పిపళ్లు, చిగుళ్లలో చీము, నోటిపూత, పుల్లటి తేన్పులు. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల గోధుమరంగు చారలు పడిన పళ్లను అరచేత్తో దాచుకుని నవ్వే పిల్లలు.

నల్గొండ వైపు నా పై అధికారి రఘుపతి సారు. డిగ్రీ పుచ్చుకున్నాక ఆయన కొత్త పుస్తకం తెరిచినట్టు నాకు ఎన్నడూ కనబడలేదు. నోరు దురుసు. కానీ రెండు అలవాట్లు నేర్పాడు. ఒకటి, అద్దం పెట్టకముందే రోగి చేత మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టించడం. "మూడు వేళ్లు పట్టాలె. పట్టకుంటె నోరు మూతపడుతున్నట్టు. గది పంటినొప్పి కాదు." రెండోది, ప్రతి రోగినీ పంపే ముందు, "ఇప్పుడు నేనేం చెప్పిన్నో మళ్ల నువ్వు చెప్పు" అని అప్పజెప్పించుకోవడం. మొదటి అలవాటును నోట్‌పుస్తకంలో రాసుకున్నాను. రెండోది టైమ్ వృథా అనుకున్నాను.

తారు రంగు

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక తాత కదిలే పన్ను పీకించుకోవడానికి వచ్చాడు. నోరు తెరవగానే నేను వెనక్కి జరిగాను. నాలుక ఉతికి ఆరేసిన బట్టలా తెల్లగా ఉంది. చిగుళ్లలో చుక్క నెత్తురున్న జాడ లేదు. మాట్లాడుతున్నాడు కానీ, ఆ నోరు మాత్రం ఎప్పుడో చనిపోయిన మనిషిదిలా ఉంది.

సారు పన్ను వైపు చూడనే లేదు.

"తాతా, దొడ్డికి ఏ రంగు పోతున్నవ్?"

తాత చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "తారు లెక్క, సారు. నాకు ఎవరో మందు వెట్టిండ్రు. కడుపుల బొగ్గు చేసిండ్రు."

పగవాళ్లు అన్నంలో ఏదో కలిపి పెడతారని, అది కడుపులో గడ్డకట్టి మనిషిని తింటుందని మా వైపు నమ్మకం. దాన్ని కక్కించే వాళ్ల దగ్గరికి ఆయన అప్పటికే రెండుసార్లు పోయి వచ్చాడు.

"ఎవరు వెట్టిండ్రో నాకెరుక" అన్నాడు సారు. తాత కళ్లు పెద్దవయ్యాయి. "మోకాళ్ల నొప్పికి ఏం మింగుతున్నవ్?"

తాత జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. పరగడుపున ఒకటి, రాత్రి ఒకటి, ఆరు నెలలుగా. ఆ నొప్పి మాత్రలే కడుపులో పుండు చేసి లోపల్లోపలే నెత్తురు కారుస్తున్నాయి. నెత్తురు అరిగి నల్లగా పోతోంది. సారు అట్టను ఆయన ముఖం ముందు పెట్టి, "వెట్టినోడు వీడే" అన్నాడు. మూడుసార్లు అప్పజెప్పించుకుని అదే పూట పెద్ద వార్డుకు పంపాడు. తాత బతికాడు.

నేను ఆ కేసులో నేర్చుకున్నదేమిటి? ‘ఎవరు వెట్టిండ్రో నాకెరుక’ అన్న చమత్కారం. ఆ తర్వాత సారు అట్ట చూపించి పేరు పెట్టి చెప్పడం, తిరిగి చెప్పించుకోవడం చూసి కూడా చూడనట్టే వదిలేశాను.

పళ్లెంలో పురుగులు

తర్వాత బదిలీ మీద కల్వకుర్తి వైపు ఒక దవాఖానాకు వచ్చాను. అక్కడికి నాలుగు మైళ్ల దూరంలో ఒక ఊరు. ఆ ఊరి కొసన ఒక వాడ. ఆ వాడలో పెంటమ్మ అనే ముసలామె ఉండేది. అందరూ పెంటవ్వ అనేవారు. పంటినొప్పి వచ్చినవాళ్లు దవాఖానాకు రాకముందు ఆమె దగ్గరికి పోయేవారు. పంటిలోని పురుగులను పొగ పెట్టి కింద రాలుస్తుందని పేరు.

ఆ గుట్టు తేల్చాలని ఒకరోజు పోయాను. గుడిసెలో కిటికీ లేదు. ఒక ఆడమనిషి తల మీద దుప్పటి కప్పుకుని నీళ్ల పళ్లెం మీదికి వంగి ఉంది. పెంటవ్వ వాకుడు అనే ముళ్లమొక్క గింజలను నిప్పుల మీద వేసి, గొట్టంతో ఆ పొగను పంటికి పట్టిస్తూ, పెదవులు కదిపీ కదపనట్టు ఏదో గొణుగుతోంది. కాసేపటికి నీళ్లలో తెల్లగా, వెంట్రుకంత సన్నగా ఏవో రాలాయి. పొగలో నా కళ్లు మండుతున్నాయి. అవి నీళ్లలో మెలికలు తిరుగుతున్నట్టే కనబడ్డాయి. 

ఒకదాన్ని సీసాలో వేసుకుని వచ్చి దవాఖానా సూక్ష్మదర్శిని కింద పెట్టాను. పురుగు కాదు, గింజలోని మొలక. వేడికి బయటికి చిట్లుతుంది. నేను గ్రంథాలయంలో చదివింది నిజమైంది. మరుసటి వారం పోయి పెంటవ్వతో అదే అన్నాను. ఆమె నవ్వింది. డెబ్బై ఏళ్ల మనిషి నోట్లో ఒక్క పన్నూ పోలేదు. వేపపుల్ల తప్ప ఇంకోటి ఎరగదు.

"నాకెరుక లేదా బిడ్డా? పురుగు వడ్డదని కండ్ల వడితె సగం నొప్పి పోతది. మిగిలిన సగానికి నీ దగ్గరికే తోలుతున్న గద."

నేను ఆ మాట పట్టించుకోలేదు. దవాఖానాలో అందరికీ సీసా చూపించి నవ్వాను. ‘పెంటవ్వ పొగ, పెంటవ్వ మంత్రం’ అని ఆ వాడ నుంచి వచ్చిన రోగులను ఆటపట్టించేదాన్ని. మంత్రం అన్న మాటను ఆమె పేరు పక్కన పెట్టినవాళ్లలో నేనూ ఉన్నానని చాలా ఆలస్యంగా గుర్తుపట్టాను.

నా మాట

అదే వాడ నుంచి యాదయ్య వచ్చాడు. ఇరవై ఆరేళ్లు. బోర్లు వేసే లారీ మీద పని. వెంట తల్లి బుచ్చమ్మ. మా డాక్టరమ్మ ఆ రోజు సెలవు.

"బువ్వ తింటలేడక్కా. పచ్చిపులుసు తాకితె గూడ మంట అంటడు. నమలకుండ మింగుతడు, కడుపునొప్పి అంటడు. నోరు తెరువుమంటె తెరుస్తలేడు."

మూడు వేళ్లు పెట్టమన్నాను. ఒక వేలు పోయింది. రెండోది పళ్లకు తగిలి ఆగింది. టార్చి వేసి చూస్తే లోపల బుగ్గలు సున్నం కొట్టిన గోడల్లా పాలిపోయి ఉన్నాయి. వేలితో తడిమితే చర్మం కింద నులక మంచం తాళ్లలా గట్టి పట్టీలు. గుట్కా. పోకచెక్క పొడి నోటి లోపలి మెత్తని పొరను ఏళ్ల తరబడి కాల్చి, నారలా గట్టిపరుస్తుంది. ఏడాదికింత చొప్పున నోరు మూసుకుపోతుంది. కొందరిలో అది చివరికి పుట్టకురుపు, అంటే క్యాన్సర్, అవుతుంది.

నేను ఆ మాట అనబోతుండగా యాదయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. తల్లికి కనబడకుండా, కళ్లతో బతిమాలాడు. వాళ్ల నాయిన తంబాకు వల్ల నోట్లో పుండు వచ్చే పోయాడని, ఆయన గోరీ మీద చెయ్యేసి గుట్కా ముట్టనని కొడుకు ఒట్టు పెట్టాడని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, పాపం తల్లి ముందు పరువు పోతుందనుకుంటున్నాడు, డాక్టరమ్మ వచ్చాక విడిగా మాట్లాడుదాం అనుకున్నాను. సగం మాటతో సరిపెట్టాను.

"దవడలకు లోపల్నుంచి ఎవరో తాళ్లు కట్టినట్టు బిగుసుకుపోయిందమ్మా."

బుచ్చమ్మ నా వైపు వంగింది. "ఎవరు గట్టిండ్రక్కా?"

ఆ క్షణాన రఘుపతి సారు చమత్కారం నా నాలుక మీదికి వచ్చింది. గుట్కా అమ్మే డబ్బా కొట్టు వాళ్ల వాడలోనే ఉందని నాకు తెలుసు.

"ఏడనో లేదు, మీ వాడలనే ఉన్నది. నీకే ఎరుక."

యాదయ్య మెల్లగా ఊపిరి వదిలాడు. నన్ను చూసి కృతజ్ఞతగా తలాడించాడు. బుచ్చమ్మ ఇంకేమీ అడగలేదు. కొంగు తల మీదికి లాక్కుని, కొడుకు భుజం పట్టుకుని వెళ్లిపోయింది. ఆమె తలుపు దాటేదాకా నేను ఎంత తెలివిగా మాట్లాడానో అని మురిసిపోయాను. ‘ఇప్పుడు నేనేం చెప్పిన్నో చెప్పు’ అని ఒక్కసారి అడిగి ఉంటే!

మెత్తటి బువ్వ

యాదయ్య మళ్లీ రాలేదు. పది రోజుల్లో ఆ వాడ నుంచి ఇంకో ఇద్దరు యువకులు వచ్చారు. ఒకడికి వేలున్నర, ఒకడికి రెండు. బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, పళ్లు విడదీయకుండా, పెదవుల సందుల్లోంచి మాట్లాడుకుంటున్నారు. మాటలు వినబడుతున్నాయి, ముఖాలు కదలడం లేదు. ఎవరో గోడ వెనక నుంచి వాళ్ల గొంతుతో మాట్లాడుతున్నట్టుంది. గుట్కానా అని అడిగితే ఇద్దరూ ఒకేసారి తలలు అడ్డంగా ఊపారు. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి నెల తర్వాత రమ్మంది.

ఆ సాయంత్రం ఆ ఊరి ఆశా కార్యకర్త సుజాత నా దగ్గరికి పరుగున వచ్చింది.

"పండ్లక్కా, గట్లెందుకన్నవ్? పెంటవ్వ మంత్రమేసి నోర్లు కట్టిందని నువ్వే చెప్పినవంట!"

"నేనా?"

"మా వాడల ఉన్నదే కట్టింది, నీకే ఎరుక అన్నవంట. వాడంత గదే మాట. రేపు ఆమె పండ్లు పీకుతరట!"

మా వైపు పుట్టినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. మంత్రాలు చేస్తుందని అనుమానం వస్తే పళ్లు ఊడగొడతారు. పళ్లు లేకపోతే మాట స్పష్టంగా పలకదు, మంత్రం పారదు అని. సుజాత వెనకే పోదామని లేచాను. ఆటో దొరికి, పోలీసులకు చెప్పి, వాడ చేరేసరికి పెంటవ్వ గుడిసెకు బయట గొళ్లెం. ఎక్కడుందంటే ఎవరూ చెప్పలేదు. గడపల్లో కూర్చున్నవాళ్లంతా నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడ్డారు. ఆ మర్యాద నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

తెల్లవారి ఓపీ మొదలుకాకముందే రెండు ఆటోలు దవాఖానా ముందు ఆగాయి. పదకొండు మంది దిగారు. యాదయ్య, బెంచీ మీది ఆ ఇద్దరు యువకులూ వాళ్లలో ఉన్నారు. మధ్యలో పెంటవ్వ. తలకు నూనె రాసి, ఉతికిన చీర కట్టించి, పండక్కి తీసుకొచ్చినట్టు తీసుకొచ్చారు. బుచ్చమ్మ చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా.

"అక్కా, మావోళ్లు పట్టకారుతోని ఇంటికాడనే పీకుదామన్నరు. నేనే వద్దన్న. ముసలిది, పాణం పోతది. నువ్వైతె సూదిచ్చి మంచిగ పీకుతవ్. మెత్తటి బువ్వ గూడ తెచ్చిన, పీకినంక తింటది."

పెంటవ్వ తనంతట తానే కుర్చీ ఎక్కింది. "పీకు బిడ్డా. పీకితెనే ఇంట్ల ఉండనిస్తమన్నరు. లేకుంటె ఊరిడిచి పొమ్మన్నరు. గీ వయసుల ఏడికి పోను?"

డాక్టరమ్మ ఇంకా రాలేదు. వాళ్ల వెనకే వచ్చిన సుజాత పోలీసులకు మళ్లీ ఫోన్ చేయడానికి బయటికి పోయింది. వాళ్లు వచ్చేదాకా ఆపగలను. కానీ ఇక్కడ ఆపితే రేపు ఇంటి దగ్గర పట్టకారు ఉంటుంది. తుంచాల్సింది ఇక్కడే.

చదువుకున్నదాన్ని కదా, రుజువు చూపిద్దామనుకున్నాను. అందరి చేతా మూడు వేళ్లు పెట్టించాను. పెంటవ్వ నోట్లో నాలుగు పట్టాయి. యాదయ్యకు ఒకటే. "చూసిండ్రా? ఇది నోటి రోగం, మంత్రం కాదు" అన్నాను.

యాదయ్య చిన్నాయిన నవ్వాడు. "కట్టినామె తన నోరు తాను కట్టుకుంటదా, పండ్లక్కా? గిది గూడ బుక్కుల రాయలేదా?"

 పదకొండు నోట్‌పుస్తకాల్లో ఆ ప్రశ్నకు జవాబు లేదు.

అప్పుడు చెప్పాను. "నేనన్నది పెంటవ్వ గురించి కాదు. గుట్కా గురించి. మీ వాడల డబ్బాలో అమ్మే గుట్కా. ఆ రోజు పేరు చెప్పలేదు. తప్పు నాది."

బుచ్చమ్మ కదల్లేదు. "నా కొడుకు గుట్కా తినడు. వాళ్ల బాపు గోరీ మీద ఒట్టు వెట్టిండు. ఇప్పుడు భయపడి మాట మారుస్తున్నవా?"

అందరూ యాదయ్య వైపు తిరిగారు. అతను నేల చూస్తున్నాడు.  కుర్చీ మీది దీపం నేరుగా పెంటవ్వ ముఖం మీద పడుతోంది.

"పిల్లగాన్ని నిలదీయకుండ్రి" అంది ఆమె. "పండ్లే గదా. పీకనియ్యుండ్రి." అని, కళ్లు మూసుకుని, నోరు బార్లా తెరిచింది. అంతమంది బిగించుకున్న నోళ్ల మధ్య తెరిచి ఉన్న నోరు అదొక్కటే. ఎంతసేపు అట్లా తెరిచి ఉంచిందో నాకు తెలియదు. చొంగ కారి చెంప మీదికి వచ్చింది. ఆమె మూయలేదు.

యాదయ్య ముందుకు వచ్చాడు. నడుం దగ్గర లుంగీ మడతలోంచి గుట్కా పొట్లాల దండ తీసి పనిముట్ల పళ్లెంలో పెట్టాడు. ఇనుము మీద అది గలగలమంది. పళ్ల సందులోంచి మాట వచ్చింది.

"నేనే కట్టుకున్ననే అమ్మా."

వెనక ఆ ఇద్దరు యువకుల చేతులు జేబుల మీదికి పోయి అక్కడే ఆగిపోయాయి.

బుచ్చమ్మ కొడుకు చెంప మీద ఒక్కటి వేసి, అదే చెంపను రెండు చేతులతో పట్టుకుని కూలబడింది. చిన్నాయిన ముందుగా బయటికి నడిచాడు. పెంటవ్వ నోరు మూసి, కొంగుతో తుడుచుకుని, కుర్చీ దిగి, కింద పెట్టిన టిఫిన్ డబ్బా తీసి యాదయ్య చేతిలో పెట్టింది.

"మెత్తటి బువ్వ నీకే అవుసరం పడతదిరా."

శుక్రవారాలు

యాదయ్య గుట్కా మానేశాడు. డాక్టరమ్మ అతనికి బుగ్గల్లో సూదులు ఇప్పించి, ఐస్‌క్రీం పుల్లలు దొంతిగా పళ్ల మధ్య పెట్టుకుని, ఒక్కో పుల్లా పెంచుకుంటూ పోయే వ్యాయామం నేర్పింది. నేను పదవీ విరమణ చేసేనాటికి రెండు వేళ్ల దగ్గరికి వచ్చాడు. మూడోది పట్టదు, పట్టదని అతనికీ తెలుసు. మిగతా ఇద్దరిలో ఒకడు మానలేదు. అతని తెల్లమచ్చ గట్టిపడింది. పట్నం పెద్ద దవాఖానాకు పంపాం. తిరిగి రాలేదు.

పెంటవ్వ ఇల్లు పెంటవ్వకు దక్కింది. ఇక్కడితో ముగిసిందని నేనూ అనుకున్నాను.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం ఆమె ఓపీ చీటీ రాయించుకుని వచ్చింది. ఏమైందంటే ఏమీ లేదంది. కుర్చీ ఎక్కి కూర్చుంది. నోట్లో చూశాను, ఏ రోగమూ లేదు. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. కోడి పెట్టిన గుడ్ల గురించి, కూలిన గోడ గురించి, చిన్నప్పుడు చచ్చిపోయిన చెల్లె గురించి. గంటసేపు. వచ్చే శుక్రవారం మళ్లీ వచ్చింది.

"వాడల మాట్లాడవా అవ్వా?" అన్నాను.

"ఏడ మాట్లాడుదు? పెదవులు కదిలితె మంత్రం సదువుతాందని పిల్లల్ని లోపటికి గుంజుకుంటరు. గందుకే మూసుకునే ఉంటున్న. గీ కుర్చీల నోరు తెరిస్తె ఎవలేమనరు."

నేను చేతిలోని అద్దం పళ్లెంలో పెట్టేశాను. ఆమె ఇంకాస్త ముందుకు వంగి, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగింది.

"బిడ్డా, నిజం చెప్పు. గంతమంది అంటుంటె నాకే అనుమానం అయితాంది. నిద్రల ఏమన్న కట్టిన్నా?"

ఈసారి చమత్కారం చేయలేదు. "లేదవ్వా. గుట్కా కట్టింది. పోకచెక్క కట్టింది. నువ్వు కట్టలేదు" అన్నాను. తర్వాత, "ఇప్పుడు నేనేం చెప్పిన్నో చెప్పు" అన్నాను. ఆమె చెప్పింది. మరో శుక్రవారం మళ్లీ అడిగింది. మళ్లీ చెప్పాను, మళ్లీ చెప్పించుకున్నాను. నా సర్వీసు చివరి రోజు దాకా.

నా కుర్చీ పక్కన ఇప్పుడు చేరిన అమ్మాయికి దవాఖానా బీరువా తాళాలతో పాటు ఒక సంగతి అప్పగించి వచ్చాను. మీలో ఎవరైనా ఆ దవాఖానాకు పోతే మీకూ అదే చెబుతున్నాను. శుక్రవారం పొద్దున ఒక ముసలామె వస్తుంది. బయట బెంచీ మీద పెదవులు బిగించుకుని కూర్చుంటుంది. పిలిస్తే పలకదు. పళ్లన్నీ ఉంటాయి, రోగం ఏమీ ఉండదు. ఏం తకలీఫ్ అని అడగకండి. దీపం ఆమె కళ్లలో పడకుండా పక్కకు తిప్పి, తలుపు దగ్గరికి వేసి, "నోరు తెరువవ్వా" అనండి.